చీనా వైద్యం: తబ్రీజ్ అనువాదశాల నుంచి నేటి ఆసుపత్రి దాకా

విద్య కోసం చైనా దాకా అయినా వెళ్లాలన్న అర్థం గల ఒక వాక్యం మన సభల్లో, పాఠశాలల గోడల మీద, వార్షికోత్సవాల ఆహ్వానపత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. దానిని హదీసుగా ఉదహరించడం పరిపాటి అయిపోయింది. అయితే హదీసు విద్వాంసులు దానిని ఆ విధంగా అంగీకరించలేదు. మాటలు ప్రసిద్ధమే గాని సనదు బలహీనమని ఇమాం బైహఖీ తేల్చారు. ఇబ్నె జౌజీ అయితే కల్పిత ఉల్లేఖనాలను ఏరి పెట్టిన తన గ్రంథంలోనే దానిని చేర్చారు. భావం మంచిదే కదా, ఉండనిద్దామని ఆ పెద్దలు ఊరుకోలేదు. ఒక మాట ఎంత ఇంపుగా ఉన్నా, అది ఎవరి నోట పుట్టి ఎవరెవరి ద్వారా మన దాకా వచ్చిందో విచారించనిదే దానికి ప్రామాణ్యం ఇవ్వకపోవడం వారి పద్ధతి.

చీనా వైద్యం గురించి రాయబోతూ ఈ పద్ధతిని గుర్తు చేయడానికి కారణం ఉంది. ఇవాళ ఆక్యుపంక్చర్ బోర్డులు మన పట్టణాల్లో కూడా కనిపిస్తున్నాయి. సూదులతో నయం కాని జబ్బు లేదనే వారు ఒక వైపు, అదంతా కనికట్టు అని కొట్టిపారేసే వారు ఇంకొక వైపు. ఐదు వేల ఏళ్ల ప్రాచీనత అనే మాట ఒకరి నోట, పడమటి వారి కుట్ర అనే మాట మరొకరి నోట. ఈ రెండు పక్షాల వారికీ సనదు మీద శ్రద్ధ తక్కువ. చీనా వైద్యం తన పుట్టిల్లు దాటి బయటి భాషల్లోకి, బయటి ఆసుపత్రుల్లోకి ఎలా వచ్చింది, వచ్చిన చోట ఎవరు దేనిని పరీక్షించి తీసుకున్నారు, పరీక్షించకుండా తీసుకున్న చోట ఏమయింది అన్నదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం. ఆ దారిలో మొదటి మజిలీలు ముస్లిం ప్రపంచంలోనే ఉన్నాయి.

పుస్తకాల కంటే ముందు సరుకులు వచ్చాయి. తిబ్బీ గ్రంథం ఏది విప్పినా రేవంద్ చీనీ కనిపిస్తుంది. చోబ్ చీనీ కనిపిస్తుంది. దార్ చీనీ సరే సరి. దార్ అంటే పారసీకంలో మాను, కర్ర. దార్ చీనీ అంటే చీనా కర్ర. ఆ మాటే నోళ్లలో నలిగి మన తెలుగు వంటింట్లో దాల్చిన చెక్క అయింది. పులావులో ఆ చెక్క వేసే ఇల్లాలు చీనా పేరును రోజూ పలుకుతూనే ఉంది, ఎరగకుండా. అయితే సరుకు వచ్చినంత మాత్రాన దాని వెనుక ఉన్న శాస్త్రం వచ్చినట్టు కాదు. రేవంద్ చీనీని మన హకీములు వాడింది చీనా వైద్యుల సిద్ధాంతం ప్రకారం కాదు. జాలీనూస్ చెప్పిన మిజాజుల లెక్క ప్రకారం దాని వేడిని, పొడితనాన్ని నిర్ణయించుకుని వాడారు.

శాస్త్రం చేతులు మారిన తొలి ఘట్టాల్లో ఒకటి ఇబ్నె నదీమ్ తన అల్ ఫిహ్రిస్త్‌లో నమోదు చేశాడు. ఆ గ్రంథం హిజ్రీ 377, అంటే క్రీ.శ. 987లో కూర్చబడింది. అందులో అబూబకర్ జకరియా రాజీ స్వయంగా చెప్పినట్టుగా ఒక వృత్తాంతం ఉంది. చైనా నుంచి ఒక విద్వాంసుడు రాజీ వద్దకు వచ్చి సుమారు ఏడాది ఉన్నాడు. ఐదు నెలల్లో అరబీ మాట్లాడటం, రాయడం నేర్చుకున్నాడు. తిరుగు ప్రయాణానికి నెల రోజులుందనగా జాలీనూస్ గ్రంథాలు పదహారింటినీ తనకు చదివి వినిపించమని, తాను రాసుకుంటానని అడిగాడు. అంత తక్కువ వ్యవధిలో కొంత భాగం కూడా పూర్తి కాదని రాజీ అన్నాడు. మీరు ఎంత వేగంగా చదవగలరో అంత వేగంగా చదవండి, నేను అందుకుంటానన్నాడా అతిథి. రాజీ తన శిష్యులను కూడగట్టుకుని చదవసాగాడు. చదివే వారి కంటే రాసేవాడే ముందుండేవాడట. నమ్మకం కలగక, రాసినది మళ్లీ చదివించి సరిచూస్తే తేడా లేదట. చీనా లిపిలో త్వరగా రాసే ఒక విధానం ఉందని, దానితోనే రాశానని అతడు చెప్పాడు.

ఈ కథలో అతిశయోక్తి కొంత ఉండవచ్చు. కాని అనువాద వృత్తిలో ఉన్నవాడికి ఇందులో ఆకట్టుకునేది వేగం కాదు. రాసిన దానిని తిరిగి చదివించి మూలంతో సరిచూడటం. మన వైపు ముఖాబలా అనే ఆ పని లేకుండా ఏ ప్రతికీ విలువ ఉండేది కాదు.

ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచి, అత్యంత విషాదకరమైన కాలంలో అసలు ఘట్టం వచ్చింది. 1258లో హులాగూ సేనలు బగ్దాదును నేలమట్టం చేశాయి. ఆ హులాగూ వంశమే ఈరానులో ఇల్‌ఖానులుగా స్థిరపడి, కొద్ది తరాల్లోనే ఇస్లాం స్వీకరించింది. అదే మంగోలు వంశపు మరొక శాఖ కుబ్లాయి నాయకత్వంలో చైనాను ఏలుతోంది. ఒకే కుటుంబం రెండు కొనలా ఉండటంతో తబ్రీజ్‌కూ చైనాకూ మధ్య రాయబారులు, జ్యోతిష్కులు, వంటవాళ్లు, వైద్యులు తిరగసాగారు. ఈ అవకాశాన్ని గుర్తించినవాడు రషీదుద్దీన్ ఫజ్లుల్లాహ్. హమదాన్‌లో యూదు వైద్య కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, వైద్యుడిగా దర్బారులో చేరి వజీరు పదవి దాకా ఎదిగిన మనిషి. జామిఉత్తవారీఖ్ రచయితగా చరిత్ర విద్యార్థులందరికీ తెలిసినవాడు. తబ్రీజ్ శివార్లలో రబ్అె రషీదీ అనే విద్యానగరాన్ని వక్ఫుగా కట్టించాడు. అందులో మసీదు, ఆసుపత్రి, గ్రంథాలయం, ప్రతులు రాసే లేఖరుల నిలయం ఉండేవి.

చీనా వైద్య గ్రంథాలను పారసీకంలోకి తేవాలని ఆయన సంకల్పించాడు. పథకం నాలుగు గ్రంథాలు. మనకు మిగిలినది మొదటిది మాత్రమే. తన్సూఖ్‌నామాయె ఈల్‌ఖాన్ అని పేరు. తన్సూఖ్ అంటే అరుదైన వస్తువు, కానుకగా ఇవ్వదగిన అపురూపం. హిజ్రీ 713, అంటే 1313లో రాసిన దాని ప్రతి నేడు ఇస్తాంబుల్‌లోని సులైమానియా గ్రంథాలయంలో అయాసోఫియా సేకరణలో ఉంది.

ఈ గ్రంథం ముందుమాట అనువాదకులందరూ చదవదగినది. పని ఎలా చేయించాడో రషీదుద్దీన్ అందులో వివరిస్తాడు. సఫీయుద్దీన్ అనే యువ వైద్యుడిని ఎంపిక చేసి, చీనా పండితుడి వద్ద ఆ భాషను, ఆ వైద్యపు పరిభాషను నేర్పించి, ఆ తర్వాతనే అనువాదానికి కూర్చోబెట్టాడు. దుబాసీని మధ్యలో పెట్టుకుని పని కానివ్వలేదు. వైద్యం తెలియని భాషావేత్తతో సరిపెట్టలేదు, భాష తెలియని వైద్యుడితోనూ సరిపెట్టలేదు. చీనా లిపి గురించి ఆయన చేసిన చర్చ కూడా విలువైనది. ఆ లిపిలో గుర్తు శబ్దానికి కాక అర్థానికి నిలుస్తుంది గనుక వేర్వేరు మాటలు మాట్లాడే వారు కూడా ఒకే రాతను చదివి గ్రహించగలరని మెచ్చుకున్నాడు. అక్షరమాల మాత్రమే నాగరికతకు గుర్తనుకునే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

అనువదించినది నాడీ పరీక్ష గ్రంథం. మూడో శతాబ్దపు వైద్యుడు వాంగ్ షూహ పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యరూప నాడీశాస్త్రం, దాని వ్యాఖ్యానం. పేరు ఆయనదే అయినా ఆ పద్యాలు చాలా తర్వాతి వారివని నేటి పండితుల నిర్ణయం. సనదు సమస్య చైనాలోనూ ఉందన్న మాట. పద్యాలు కంఠస్థం చేయడానికి ఉద్దేశించినవి కాబట్టి అనువాదంలో వాటి నడక పోతుందని గ్రహించి, చీనా ఉచ్చారణనే అరబీ లిపిలో రాయించి, కింద అర్థం ఇప్పించారు. నాటి చీనా భాష ఎలా పలికేవారో తెలుసుకోవడానికి భాషాశాస్త్రవేత్తలు ఇప్పుడు ఈ పారసీక గ్రంథాన్ని వెతుక్కుంటున్నారు. దేహంలోని అవయవాల బొమ్మలు కూడా చీనా మూలాల నుంచే ఎక్కించారు.

మొదటి గ్రంథానికి నాడినే ఎందుకు ఎంచుకున్నారు? నా ఉద్దేశంలో దానికి జవాబు ఇబ్నె సీనా ఖానూన్‌లో ఉంది. నబ్జ్ మీద ఆయన రాసిన అధ్యాయాలు చదివిన ఏ హకీముకైనా, మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి వేగాన్ని, నిండుదనాన్ని, మెత్తదనాన్ని పోల్చడం తెలిసిన విద్యే. చీనా వారు ఒక్కొక్క చేతి మీద మూడు స్థానాలు గుర్తించి, ఒక్కొక్క స్థానాన్ని ఒక్కొక్క అవయవానికి ముడిపెట్టారు. ఈ ముడి కొత్తది. పని మాత్రం పరిచితమైనది. కొత్త విద్య మరొక భాషలోకి ప్రవేశించాలంటే ఆ భాషలో దానికి కూర్చునే చోటు ముందే ఉండాలి. నబ్జ్‌కు ఆ చోటు ఉంది. అయినా రెండు నాడీశాస్త్రాలలో ఏది రోగిని సరిగా గుర్తిస్తుందో పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం జరగలేదు. తర్వాతి యూనానీ నాడీ విద్య ఇబ్నె సీనా బాటలోనే సాగింది. తన్సూఖ్‌నామా నిజంగానే ఒక అపురూపంగా అరలో మిగిలిపోయింది.

దాని కర్త గతి ఇంకా విషాదం. సుల్తాన్ ఉల్జాయితూకు మందులో విషం ఇచ్చాడన్న నేరం మోపి 1318లో, డెబ్భై ఏళ్ల వయసులో, రషీదుద్దీన్‌ను చంపించారు. రబ్అె రషీదీ దోపిడీ పాలయింది. నాలుగింటిలో ఒక్క గ్రంథమే మిగలడానికి వేరే కారణం వెతకనక్కరలేదేమో.

సూదుల విషయానికి వస్తే, ఐదు వేల ఏళ్లన్న లెక్కకు ఆధారం లేదు. క్రీ.పూ. 168లో మూసివేసిన మావాంగ్‌దుయ్ సమాధిని 1973లో తవ్వినప్పుడు పట్టు వస్త్రాల మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో దేహంలోని నాళమార్గాల వర్ణన ఉంది. మాచిపత్రి జాతి ఆకును కాల్చి ఆ వేడిని ఒంటికి తగిలించే చికిత్స ఉంది. సూదులతో నాళాలకు చికిత్స చేయడం లేదు. దాని తర్వాత ఒకటి రెండు శతాబ్దాలలో సంకలితమైన హువాంగ్‌దీ నేయ్‌జింగ్‌లో సూదివైద్యం పూర్తి రూపంతో కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ల చరిత్ర తక్కువదేమీ కాదు. దానికి మూడు వేలు అదనంగా చేర్చడం వల్ల గౌరవం పెరగదు. 1027లో సోంగ్ ప్రభుత్వం వైద్యుడు వాంగ్ వేయ్‌యీ చేత మనిషి ప్రమాణంలో రెండు కంచు విగ్రహాలు పోయించి, వాటి మీద సూది గుచ్చవలసిన స్థానాలు గుర్తింపజేసింది. విద్యార్థులకు పరీక్షలు వాటి మీదనే జరిగేవి.

చాలామందికి తెలియనిది ఈ విద్యను స్వయంగా చైనాయే దాదాపు వదులుకున్నదన్న సంగతి. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి ఫర్మానాతో రాజవైద్యశాలలో సూది విభాగం మూతపడింది. చక్రవర్తి దేహానికి సూది, నిప్పు తగవన్నారు. 1929లో జాతీయ ప్రభుత్వపు ఆరోగ్య సమావేశం పాత వైద్యాన్ని మొత్తంగా రద్దు చేయాలన్న యూ యున్‌షియూ ప్రతిపాదనను ఆమోదించింది. మార్చి 17న షాంఘైలో సంప్రదాయ వైద్యులు గుమిగూడి నిరసించిన మీదట అది అమలు కాలేదు. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ ఢిల్లీలో తిబ్బియా కళాశాల నిలబెట్టిన దశాబ్దమే ఇది. దానికి 1921లో గాంధీజీ ప్రారంభోత్సవం చేశారు. పాత వైద్యాన్ని కొత్త కళాశాలలో కూర్చోబెట్టి కాపాడుకోవాలన్న ఆరాటం రెండు దేశాలలోనూ ఒకే కాలంలో కనిపిస్తుంది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కళాశాల మెట్లెక్కిన మన వారికి ఆ ఆరాటం వివరించనక్కరలేదు.

నేడు ప్రపంచమంతా చూస్తున్న సన్నని స్టీలు సూదుల ఆక్యుపంక్చర్ ఈ సంక్షోభంలో నుంచే రూపుదిద్దుకుంది. జియాంగ్సూ ప్రాంతపు వైద్యుడు చెంగ్ దాన్‌ఆన్ 1930ల్లో పాత పటాలను కొత్త శరీరశాస్త్రంతో పోల్చి, రక్తనాళాల మీద పడుతున్న స్థానాలను పక్కకు జరిపాడు. నెత్తురు తీసే మొరటు పనిముట్లు వెనక్కి పోయి సన్నని సూదులు ముందుకు వచ్చాయి. 1951లో జూ లియాన్ అనే వైద్యురాలు నాడీమండల శాస్త్రం ఆధారంగా నవీన సూదివైద్యం రాసింది. కమ్యూనిస్టు ప్రభుత్వానికి కొన్ని కోట్ల జనం, కొద్దిమంది డాక్టర్లు. సంప్రదాయ వైద్యుల్ని కలుపుకోకుండా గడవదు. 1955లో బీజింగ్‌లో సంప్రదాయ వైద్య పరిశోధన సంస్థ, మరుసటి ఏడు నాలుగు నగరాల్లో కళాశాలలు వెలిశాయి. మావో పైకి ఈ వైద్యాన్ని జాతి సంపద అన్నా, తాను మాత్రం ఆ మందులు వాడనని చెప్పినట్టు ఆయన వైద్యుడు లీ జీసూయి తన జ్ఞాపకాల్లో రాశాడు.

మన దేశానికి ఈ విద్య తెచ్చిన తొలి మనిషి కలకత్తాకు చెందిన డాక్టర్ బి.కె. బసు. 1938లో జపాను దురాక్రమణను ఎదుర్కొంటున్న చైనాకు కాంగ్రెసు పంపిన ఐదుగురు డాక్టర్లలో కోట్నీస్‌తో పాటు ఆయన కూడా ఉన్నాడు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి సూదివైద్యం నేర్చుకుని వచ్చాడు. అమెరికా దీనిని కనుగొనకముందే కలకత్తాలో ఇది ఉంది.

అమెరికా కనుగొన్న తీరు వేరు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్‌కు పీకింగులో అపెండిక్స్ ఆపరేషను జరిగింది. సూదులతో మత్తిచ్చి కడుపు కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెస్టన్ స్వయంగా రాసినది చదివితే సంగతి వేరు. ఆపరేషనుకు మామూలు ఇంజెక్షను మందులే ఇచ్చారు. రెండో రోజు రాత్రి కడుపు ఉబ్బరంగా ఉంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు, కొంత ఉపశమనం కలిగింది. ఒక గొలుసులో నాలుగైదు నోళ్లు మారేసరికి ఉబ్బరం కాస్తా కత్తికోతగా మారింది! మరుసటి ఏడు నిక్సన్ పర్యటన తర్వాత ఈ ఉత్సాహానికి పట్టపగ్గాలు లేకపోయాయి. సూదిమత్తు ఆపరేషన్లలో తరచు ఇతర మత్తుమందులు కూడా వాడేవారన్నది నిదానంగా బయటపడింది.

ఉత్సాహం చల్లారాక పరీక్ష మొదలైంది. సూది గుచ్చితే మెదడులో ఎండార్ఫిన్లు అనే సహజమైన నొప్పి నివారకాలు విడుదల అవుతాయని టొరంటోలో పొమెరాన్జ్, బీజింగ్‌లో హాన్ జీషెంగ్ చేసిన పరిశోధనలు సూచించాయి. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సభ ఆపరేషన్ల తర్వాత, క్యాన్సరు మందుల వల్ల వచ్చే వాంతులకు, పంటి ఆపరేషను తర్వాతి నొప్పికి సూది పనిచేస్తున్నదని ఒప్పుకుంది. అన్నిటికంటే ఆలోచింపజేసేది జర్మనీలో జరిగి 2007లో ప్రకటితమైన నడుమునొప్పి పరీక్ష. 1162 మంది రోగులను మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి శాస్త్రోక్త స్థానాలలో సూదులు. రెండో వర్గానికి శాస్త్రంతో నిమిత్తం లేని చోట్ల పైపైన గుచ్చిన సూదులు. మూడో వర్గానికి మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తర్వాత మెరుగైన వారు మొదటి వర్గంలో 47.6 శాతం, రెండో వర్గంలో 44.2 శాతం, మూడో వర్గంలో 27.4 శాతం.

ఈ అంకెలను ఎవరికి నచ్చినట్టు వారు చదువుకోవచ్చు. సూది పడ్డవారు మందులవారి కంటే బాగున్నారు, నిజమే. కాని సరైన స్థానానికీ సరికాని స్థానానికీ తేడా చాలా స్వల్పం. అంటే ఉపశమనం ఉంది గాని, దానికి కంచు విగ్రహం మీది చుక్కలే కారణమని చెప్పడానికి వీల్లేదు. రోగి నమ్మకం, వైద్యుడు పక్కన కూర్చుని చూపే శ్రద్ధ, చర్మం మీద ఏదో ఒక పోటు, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి. జర్మనీ ప్రభుత్వ బీమా నడుమునొప్పికి, మోకాటి నొప్పికి సూదివైద్యం ఖర్చు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇంగ్లండులో ఆరోగ్య మార్గదర్శక సంస్థ 2009లో నడుమునొప్పికి సిఫారసు చేసి, 2016లో ఉపసంహరించుకుని, 2021లో మరొక రకం దీర్ఘకాలిక నొప్పికి మళ్లీ ఆలోచించవచ్చన్నది. ఇందులో అవమానం ఏమీ లేదు. సాక్ష్యం మారితే తీర్పు మారుతుంది.

పోల్చి చూడటానికి ఒక వర్గాన్ని విడిగా ఉంచడమనే ఆలోచన యూరప్ సొత్తు అని మన యువకులు అనుకుంటారు. రాజీ తన అల్ హావీలో సర్సామ్ రోగం గురించి రాస్తూ, దాని ముందస్తు లక్షణాలు కనిపించిన వారిలో కొందరికి నెత్తురు తీసినట్టు, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచినట్టు, ఆ విధంగా ఒక నిర్ణయానికి రాదలచినట్టు నమోదు చేశాడు. నెత్తురు తీయడం మంచిదన్న ఆయన నిర్ణయం నేటి వైద్యం ముందు నిలవదు. ప్రశ్న అడిగిన తీరు మాత్రం నిలిచింది. ఇబ్నె సీనా ఖానూన్ రెండో భాగంలో మందు గుణాన్ని అనుభవంతో తేల్చడానికి ఏడు షరతులు పెట్టాడు. మందు కల్తీ లేనిదై ఉండాలి. రోగం ఒక్కటే అయి ఉండాలి, కలగలుపు కారాదు. ఫలితం ఎప్పుడూ, లేక అత్యధిక సందర్భాల్లో కనిపించాలి, లేకుంటే అది కాకతాళీయం. చివరగా, మనిషి మీదనే చూడాలి, జంతువు మీద చూసింది మనిషికి చెల్లకపోవచ్చు.

ఈ షరతులన్నిటినీ దాటి వచ్చిన చీనా మందు ఒకటుంది. దాని కథ మన సికింద్రాబాదు నుంచే మొదలు పెట్టవచ్చు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రోగం ఎలా అంటుతుందో తెలిసింది. మందుగా క్వినైన్, తర్వాత క్లోరోక్విన్ వచ్చాయి. 1960ల నాటికి ఆగ్నేయాసియాలో క్లోరోక్విన్ పని చేయడం మానేసింది. వియత్నాం యుద్ధంలో తుపాకుల కంటే మలేరియా ఎక్కువ మందిని పడగొడుతుంటే, ఉత్తర వియత్నాం కోరిక మీద చైనా 1967 మే 23న రహస్య పరిశోధన మొదలుపెట్టింది. 1969లో అందులోకి వచ్చిన తూ యూయూ వద్ద డాక్టరేటు లేదు, విదేశీ చదువు లేదు. ఔషధశాస్త్రం చదివి, సంప్రదాయ వైద్యంలో రెండున్నరేళ్లు శిక్షణ పొందిన మనిషి. రెండు వేలకు పైగా పాత యోగాలు సేకరించి, అందులో నుంచి 640 ఏరి, రెండు వందల మూలికల సారాలను ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావో అనే మొక్క ఒకసారి ఫలించేది, మరోసారి విఫలమయ్యేది.

అప్పుడామె మళ్లీ పాత పుస్తకం దగ్గరకు వెళ్లింది. నాలుగో శతాబ్దపు గ హోంగ్ అత్యవసర చికిత్సల మీద రాసిన చిన్న గ్రంథంలో, చలిజ్వరాలకు చింగ్‌హావోను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని ఉంది. కాచమని లేదు. చీనా వైద్యంలో మూలికలను కాచడమే రివాజు. ఇక్కడ మాత్రం పిండమన్నాడు. వేడి తగిలితే గుణం పోతుందేమోనన్న అనుమానం ఆమెకు కలిగింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న, 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిమిని పూర్తిగా తుడిచివేసింది. 1972లో తానూ, ఇద్దరు సహచరులూ ముందుగా ఆ మందు మింగి చూసుకుని, ఆ తర్వాతనే హైనాన్ దీవి రోగులకు ఇచ్చారు. ఆర్టెమిసినిన్ అనే ఆ పదార్థంతో కూడిన మిశ్రమ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రమాదకర మలేరియాకు మొదటి మందుగా నిర్దేశించింది. 2015లో తూ యూయూకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మొక్క మన మాచిపత్రికి, తిబ్బులోని అఫ్సంతీన్‌కు చుట్టమే. చుట్టమైనంత మాత్రాన అదే మందు కాదు. చింగ్‌హావో అన్న పేరుతో చైనాలోనే ఒకటి కంటే ఎక్కువ మొక్కలు చలామణి అయ్యేవి. ఆర్టెమిసినిన్ తగినంత ఉన్నది వాటిలో ఒక్కదానిలోనే. గ హోంగ్ మాట పదహారు వందల ఏళ్లు పుస్తకంలో ఉంది. అది నిజమని తేలింది దానిని కొలిచిన నాడు. కొలవడానికి దారి దొరికింది మాత్రం ఆ పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివినందువల్ల. పాతదాన్ని చదవని ప్రయోగశాలకు ఈ మందు దొరికేది కాదు, ప్రయోగశాల మెట్లెక్కని భక్తికీ దొరికేది కాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగ వర్గీకరణ పట్టికలో చీనా మూలం గల సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం ఇచ్చింది. ఆ అధ్యాయం రోగాల పేర్లు నమోదు చేసుకోవడానికే గాని, మందులన్నీ పనిచేస్తాయన్న ధ్రువపత్రం కాదు. ఈ తేడాను ప్రచారకులు చెప్పరు.

పేర్ల పొరపాటు ప్రాణాల మీదికి వచ్చిన సంఘటన కూడా చెప్పాలి. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించుకోవడానికి చీనా మూలికలు వాడిన స్త్రీలకు ఉన్నట్టుండి మూత్రపిండాలు చెడిపోసాగాయి. వాళ్లు నడివయసు కూడా దాటని ఆరోగ్యవంతులు. అలా దెబ్బతిన్న వారి సంఖ్య వంద దాకా వెళ్లింది. 1993లో డాక్టర్ వాన్‌హెర్‌వెగెమ్ బృందం కారణాన్ని ప్రకటించింది. వైద్యులు రాసిన మూలిక హాన్ ఫాంగ్‌జీ. పొట్లంలో వచ్చింది గువాంగ్ ఫాంగ్‌జీ. చైనా అంగళ్లలో రెండూ ఫాంగ్‌జీలే. వృక్షశాస్త్రం ప్రకారం రెంటికీ సంబంధమే లేదు. రెండోది అరిస్టలోకియా జాతిది. ఆ జాతిలో ఉండే ఆమ్లం మూత్రపిండాలను ఎండబెట్టేస్తుంది. తర్వాత ఏళ్లలో ఆ రోగుల్లో పలువురికి మూత్రనాళాల క్యాన్సరు కూడా బయటపడింది. ఆ ఆమ్లం మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది.

ఇది ఎక్కడో చీనా అంగడి సంగతి అనుకుని పుట తిప్పేయడానికి వీల్లేదు. మన తిబ్బీ గ్రంథాల్లో జరావంద్ తవీల్, జరావంద్ ముదహ్‌రజ్ అన్న పేర్లు చూసే ఉంటారు. ఆ జరావంద్ అరిస్టలోకియాయే. మన పల్లెల్లో పాముకాటుకు విరుగుడని చెప్పుకునే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే. శతాబ్దాలుగా పెద్దలు వాడారు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ఒక హకీం సాహెబ్ నాతో అన్నారు. మూత్రపిండం చెడటానికి ఏళ్లు పడుతుంది, క్యాన్సరుకు ఇంకా ఎక్కువ పడుతుంది. పుడియా ఇచ్చిన వైద్యుడికి, ఇరవై ఏళ్ల తర్వాత ఆసుపత్రిలో చేరిన రోగికి మధ్య గొలుసు ఎవరు కలుపుతారు? అది కలిపే లెక్క లేని చోట ఏమీ కాలేదన్న మాటకు సనదు లేదు. ఇబ్నె సీనా షరతుల ప్రకారం చూసినా ఈ సాక్ష్యం చెల్లదు.

మంగోలు కాలంలో విద్య ఒక వైపే ప్రవహించలేదు. తబ్రీజ్‌లో చీనా నాడీశాస్త్రం పారసీకంలోకి వెళ్తున్న కాలానికే చైనాలో మన వైద్యం పాతుకుంది. కుబ్లాయి ప్రభుత్వం 1270లో ముస్లిం ఔషధాల కోసం గువాంగ్‌హుయీ సీ అనే ప్రత్యేక కార్యాలయం నెలకొల్పింది. ఆ సంప్రదాయం నుంచి హుయ్‌హుయ్ యావోఫాంగ్, అంటే ముస్లిం ఔషధ యోగాలు అన్న పెద్ద గ్రంథం చీనా భాషలో వెలువడింది. 36 సంపుటాలలో ఇప్పుడు బీజింగ్ జాతీయ గ్రంథాలయంలో మిగిలినవి నాలుగే. వాటిలో ఒకటి విషయసూచిక. మిగిలినవాటిలో గాయాలు, విరిగిన ఎముకలు, వాతలు పెట్టడం మొదలైన ప్రకరణాలున్నాయి. జాలీనూస్ పేరు చీనా లిపిలో కనిపిస్తుంది. నింగ్‌షియా ప్రాంతపు హుయీ ముస్లిం వైద్యులు తమ వైద్యానికి మూలాధారంగా నేడు దానినే చూపుతారు.

ఆ ప్రతిలో ఒక వివరం నన్ను చాలాసేపు ఆపింది. మందు పేరు వచ్చిన చోట రాసినవాడు చీనా అక్షరాలతో దాని ఉచ్చారణ ఇచ్చి, అంతటితో వదలలేదు. చాలా చోట్ల పక్కనే అదే పేరును అరబీ లిపిలో కూడా రాశాడు. చీనా అక్షరాలతో విదేశీ శబ్దం రాస్తే నలుగురు నాలుగు విధాలుగా చదువుతారు, నాలుగు మందులు ఇస్తారు. అరబీ పేరు పక్కనుంటే ముస్లిం అత్తారు దగ్గరకు వెళ్లి వేలు పెట్టి చూపవచ్చు, ఇదే కావాలని.